సగం పసుపు కార్డు

ఉట్నూర్ వైపు అడవి ఊళ్లలో రక్త పరీక్షలు చేస్తూ పదకొండేళ్లు తిరిగాను. మాది మంథని, పని ల్యాబ్ టెక్నీషియన్. సికిల్ సెల్ అనే కొడవలి కణాల జబ్బు ఎవరికుందో చూడాలి. వేలు గుచ్చి, చుక్క రక్తం మందు నీళ్లలో కలిపి, గాజు గొట్టం వెనక గీతల కాగితం పెట్టేవాణ్ని. గీతలు కనిపిస్తే ఏమీ లేనట్టు. కనిపించకపోతే రక్తంలో ఏదో ఉన్నట్టు. అది జబ్బా, జబ్బు లేకుండా ఊరికే మోస్తున్నారా అన్నది పెద్ద పరీక్షలో తేలేది. తర్వాత కార్డు రాసిచ్చేవాణ్ని. జబ్బున్నవాళ్లకు పసుపుది, మోసేవాళ్లకు సగం పసుపుది, మిగతావాళ్లకు తెల్లది. సగం పసుపువాళ్లు ఇద్దరు పెళ్లి చేసుకుంటే పిల్లలకు జబ్బు రావచ్చు, ఒకరిది తెల్లదైతే రాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానంటే, చివరికి చెబుతున్నానన్న సంగతి కూడా నాకు తెలిసేది కాదు.

శిక్షణలో ఒక డాక్టరు పాత సంగతులు చెప్పాడు. కొన్ని దేశాల్లో ఎవరు పిల్లల్ని కనాలో సర్కారే తేల్చేదట. మందబుద్ధి వాళ్లనీ, దిక్కులేని వాళ్లనీ పట్టుకొచ్చి ఆపరేషన్లు చేసేదట. మంచి జాతిని పెంచడానికట. "మనది అట్ల కాదు. మనం సలహా ఇస్తం, అంతే" అన్నాడు. నోటుబుక్కులో రాసుకున్నాను. తర్వాత భోజనాలు పెట్టారు. కోడికూర బాగుంది.

జొన్న కోతలప్పుడు ఒక గోండు పిల్ల మా జీపు దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. ఏడాది ముందు నేనే ఆమెకు సగం పసుపు కార్డు రాశాను.

"సారూ, గీ కార్డు తీస్కొని తెల్లది ఇయ్యి. నీ సంచిల మస్తుగున్నయి గదా."

"అట్ల ఇయ్యరాదు బిడ్డా."

"నాకు కుదిరిన పిలగానిది తెల్లదే. పిల్లలకేం కాదని నువ్వే చెప్పినవు. వాళ్లింటోళ్లు వింటలేరు."

నిజమే, చెప్పింది నేనే. కార్డు మార్చను గానీ వాళ్లకు నచ్చజెబుతానన్నాను. పిల్లవాడి ఇంటికి వెళ్లాను. చాయ్ ఇచ్చారు. వాళ్ల నాయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఏం కాదంటున్నవు. మరి రంగెందుకేసినవు సారూ?"

చాయ్ తాగి వచ్చేశాను. ఆ సంబంధం పోయింది. తర్వాత వచ్చిన రెండూ పోయాయి. ఊళ్లో ఆమెని 'కార్డు పిల్ల' అంటున్నారని విన్నాను. నాకు బాధ కలగాలి. కలగలేదు. ఆ రోజు ఇంకా అరవై మంది వేళ్లు గుచ్చాల్సి ఉంది.

పోయిన ఏడాది మా అమ్మాయికి హుజూరాబాద్ సంబంధం కుదిరింది. బట్టల దుకాణం వాళ్లు, మర్యాదస్తులు. ఒక మధ్యాహ్నం ఇంట్లో సంచి సర్దుకుంటూ, రక్తం ఎంతుందో చూద్దాం రమ్మని అమ్మాయి వేలు గుచ్చాను. అలవాటు కొద్దీ చేసిన పని. చుక్క మందు నీళ్లలో కలిపి గొట్టం వెనక గీతల కాగితం పెట్టాను. గీతలు కనిపించలేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పెరట్లో నల్లా కింద గొట్టం కడిగేశాను.

"ఎంతున్నది బాపు?"

"మంచిగనే ఉన్నది."

పెద్ద పరీక్షకు పంపలేదు. ఆ లోపం నా నుంచి వచ్చిందో, మా ఆవిడ నుంచి వచ్చిందో కూడా చూసుకోలేదు. పిల్లవాడికీ పరీక్ష చేయిద్దామని ఒక్క మాట అంటే చాలు. అది అనడానికే రెండుసార్లు హుజూరాబాద్ బస్సెక్కి, రెండుసార్లూ భోంచేసి వచ్చాను. ఎందుకని అడుగుతారు. చెబితే వాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. నేను పిరికివాణ్ని. పెళ్లయిపోయింది.

ఇప్పుడు మా అమ్మాయికి మూడో నెల. ఇందాక ఫోన్ చేసింది.

"బాపు, నా రక్తంల ఏదో ఉన్నదని డాక్టరమ్మ ఆయనకు గూడ పరీక్ష చేయించింది. రేపు రిపోర్టొస్తదట. ఏం కాదు గదా?"

"ఏం కాదు బిడ్డా."

ఫోన్ పెట్టేశాను. ఆ గోండు పిల్ల దగ్గర నేను సంతకం చేసిన కార్డయినా ఉంది. పదకొండేళ్లలో ఎన్ని కాగితాలు ఎంతమంది చేతుల్లో పెట్టానో లెక్క లేదు. ఒక కాగితానికి భయపడటం నాకు ఇదే మొదటిసారి.