రత్నకుమారి ఆంటీ మేలుకొలుపు విద్య

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసున్న అజైబాలో వాన పడింది. మస్కట్‌లో వాన పడితే ఎవరికీ పని మీద మనసుండదు. మా ఆఫీసులోనూ అందరూ కుర్చీలు వదిలేసి కిటికీల దగ్గర చేరారు. నేను మాత్రం బీరువా వెనక ఎప్పటినుంచో పడి ఉన్న గొడుగు తీసుకుని కిందికి దిగాను. దాన్ని తెరవగానే దుమ్ము రాలింది. ఏళ్ల తరబడి ముడుచుకుని ఉన్న గుడ్డ వాసన, తుప్పు పట్టిన ఊచల వాసన, వాటి మీద పడుతున్న చినుకుల తడి. ఆ వాసన తగలగానే నాకు చిన్నప్పుడు ఒమాన్‌లోనే ఇబ్రా అనే ఊళ్లో మేం అద్దెకున్న బిల్డింగు మెట్లు గుర్తొచ్చాయి. ఆ మెట్ల మీద, ఒళ్లో విరిగిన గొడుగు పెట్టుకుని కూర్చున్న రత్నకుమారి ఆంటీ గుర్తొచ్చింది.

నేను పిల్లల ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. మేం తెచ్చిన బొమ్మ కార్డుల ఆటలో ఒక మంత్రవిద్య ఉంది. అందులో పాత వస్తువులు మేలుకుంటాయి, మాట్లాడతాయి, అలుగుతాయి, సాయం చేస్తాయి. ఆడినవాళ్లందరూ ఒకటే అడుగుతారు: “ఇది జపాన్ కథల్లోంచి వచ్చినట్టుందే, అక్కడ చదువుకున్నారా?” నేను జపాన్ చూడనేలేదు. ఆ విద్య పుట్టింది ఇబ్రాలో, ఒక నరసాపురం నర్సు వంటింట్లో. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు సువార్త. మా అమ్మ విమల ఇబ్రాలో ఆసుపత్రి నర్సు. నాన్న దూరంగా ఇబ్రి అనే మరో ఊళ్లో సైట్ మీద ఉండేవాడు, వీలు దొరికిన శుక్రవారం వచ్చి వెళ్లేవాడు. చిన్నప్పటినుంచీ నాకు నత్తి. అన్నిటికన్నా కష్టమైన మాట నా పేరే. “సు... సు...” అనగానే ఎదుటివాళ్లు “సువార్త కదా” అని అందించేసేవాళ్లు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. టీచర్లు, చర్చి ఆంటీలు, కొట్టు అతను, అందరూ జాలితోనే నా మాట పూర్తి చేసేవాళ్లు. అందరికన్నా ముందు పూర్తి చేసేది అమ్మ. ఆమెకు డ్యూటీ తొందర, వంట తొందర. నేను నోరు తెరిచేలోపే “నీళ్లా? పెన్సిలా? కడుపు నొప్పా?” అని మూడు జవాబులు సిద్ధంగా ఉండేవి. నేను తలూపితే చాలు. పోనుపోనూ తలూపడమే నా భాష అయిపోయింది. ఎనిమిదేళ్లు వచ్చేసరికి నేను స్కూల్లో దాదాపు మాట్లాడటమే మానేశాను. పిల్ల వెనకబడుతోందని స్కూలువాళ్లు అమ్మను పిలిచి చెప్పారు. అమ్మ ఫోన్లో నాన్నతో, “వచ్చే ఏడాది ఏలూరు హాస్టల్లో వేసేద్దామండీ, అక్కడైనా బాగుపడుతుందేమో” అనడం నేను విన్నాను. వెళ్లనని చెప్పాలనుకున్నాను. చెప్పాలంటే మాట్లాడాలి కదా.

రత్నకుమారి ఆంటీ మా ఎదురింట్లోకి అప్పుడే కొత్తగా వచ్చింది. అమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు, అమ్మకన్నా బాగా పెద్దది, పెళ్లి చేసుకోలేదు. ఒకరోజు వానలో స్కూల్ బస్సు దిగి వచ్చేసరికి అమ్మ ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. మెట్ల మీద కూర్చున్నాను. ఆంటీ కూడా వచ్చి కింది మెట్టు మీద కూలబడింది. ఎవరో చెత్త దగ్గర పడేసిన గొడుగు ఆమె చేతిలో ఉంది. నన్ను పేరు అడగలేదు, ఏ క్లాసని అడగలేదు. గొడుగును అటూ ఇటూ తిప్పి చూస్తూ, “దీనికి కన్ను ఒక్కటే, కాలూ ఒక్కటే. ఇదిగో, ఈ చిరుగు దగ్గర నాలిక వేలాడుతోంది. అబ్బో, మంచి కోపం మీదున్నట్టుందే!” అంది.

నేను వంగి చూశాను. నిజంగానే చిరిగిన గుడ్డ నాలికలా ఉంది.

“జపాన్‌లో ఇలాంటివి వాన పడితే ఒంటికాలి మీద గెంతుకుంటూ తిరుగుతాయంట. ఇది మనూళ్లో దొరికింది గనక చెప్పులు లేకుండా గెంతదేమో” అంటూ తన చెప్పొకటి తీసి గొడుగు కర్రకు తొడిగింది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రం మేం మాట్లాడుకున్నది అంతే. అంటే ఆమె మాట్లాడింది, నేను నవ్వాను.

అంతకుముందు ఆంటీ మస్కట్‌లో ఒక జపాన్ ఇంజనీరు ఇంట్లో కొంతకాలం పని చేసింది. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన ఆయన తల్లికి సేవ చేయడం ఆమె ఉద్యోగం. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషు. ఆ ముసలామె మంచం మీద పడుకుని తన ఊరి పాత కథలు చెప్పేది. వందేళ్లు నిండిన వస్తువుకి ప్రాణం వస్తుందని, పారేసిన చెప్పులు, దీపాలు, కుండలు మనుషుల మీద అలుగుతాయని, పలికిన మాటకు ఆత్మ ఉంటుందని. ఆమె నడవగలిగాక కొడుకు కుటుంబంతో స్వదేశం వెళ్లిపోయింది. కథలు ఆంటీ దగ్గర మిగిలాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు ఉంచే రకం కాదు ఆంటీ. పులుసులో తనకు నచ్చినవన్నీ వేసినట్టే కథలోనూ వేసేసేది. అలా తయారైన విద్యకు ‘మేలుకొలుపు’ అని పేరు పెట్టింది.

అమ్మ వచ్చేదాకా రోజూ నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని. రూల్స్ ఒక్కొక్కటిగా తెలిశాయి. వస్తువు పాతదై ఉండాలి. “జపాన్‌లో అయితే వందేళ్లు పడుతుంది. ఇక్కడి ఎండకి అన్నీ తొందరగా ముసలివైపోతాయి, పదేళ్లు చాలు” అని ఆంటీ తీర్పు. దాన్ని అసలు పేరుతో పిలవాలి. కొట్లో చెప్పే పేరు కాదు, అది చేసిన పనిని బట్టి వచ్చిన పేరు. వాళ్ల హాల్లో మూలిగే ఏసీ పేరు ‘ఎండను గోడవతల నిలబెట్టినవాడు.’ తర్వాత అడగాలి, ఆజ్ఞ వేయకూడదు. చివరగా మూల్యం చెల్లించాలి. అంటే ఎవరికీ చెప్పని నిజం ఒకటి ఆ వస్తువుకి చెప్పాలి. అప్పుడది మేలుకుంటుంది.

మొదటిసారి నా వంతు వచ్చినరోజు నేను వంటింట్లో ప్రెషర్ కుక్కర్ ముందు నిలబడ్డాను. దాని పేరు ‘ఆవిరిని మింగిన అవ్వ.’ నేనే పెట్టాను, పలక మీద రాసి చూపించాను. “రాస్తే వినపడదు దానికి, అవ్వ కదా, చెవుడు” అంది ఆంటీ. నోరు తెరిచాను. “ఆ... ఆ... ఆ...” అక్కడే ఆగిపోయింది. అలవాటు ప్రకారం ఆంటీ వైపు చూశాను, అందిస్తుందేమోనని. ఆమె అందించలేదు. ముఖంలో జాలి కూడా లేదు. ఉల్లిపాయ తరగడం ఆపి, చాలా సంబరంగా చూస్తోంది.

“ఓసినీ! నీకు తలుపు తట్టడం పుట్టుకతోనే వచ్చిందే!” అంది. “ఒక్కసారి తడితే ఎవరన్నా తలుపు తీస్తారా? నాలాంటివాళ్లు గబుక్కున పేరు చెప్పేస్తాం, లోపలున్నదానికి మెలకువే రాదు. నువ్వు తట్టు. అవ్వ లేచి, చీర సర్దుకుని రావద్దూ? కంగారేం లేదు.”

నేను తట్టాను. ఎంతసేపు తట్టానో తెలియదు. “ఆవిరిని మింగిన అవ్వా” అని పూర్తిగా వచ్చేసరికి ఆంటీ ఉల్లిపాయలన్నీ తరిగేసింది. నా మాటను మరొకరు ముట్టుకోకుండా నేనే చివరిదాకా తీసుకెళ్లడం అదే మొదలు. ఆ తర్వాత చెల్లించాల్సిన నిజం కూడా చెప్పాను. ఏలూరు వెళ్లాలని లేదని. కుక్కరుకే చెప్పాను. ఆంటీ విననట్టే పోపు పెట్టుకుంది.

ఆమె దేవత అనుకోకండి. ఆటలో ఓడిపోయేలా ఉంటే రూలు మార్చేసేది. “నిన్న అలా లేదు” అని నేను పోట్లాడితే, “నిన్న శుక్రవారం” అనేది. పోట్లాడటానికే నేను ఎక్కువ మాట్లాడటం మొదలుపెట్టాను. టీలో చక్కెర గుమ్మరించుకునేది, నా కప్పులో మాత్రం లెక్కగా వేసేది. ఒకసారి తన పాత చేతి గడియారాన్ని మేలుకొలపడానికి ఆమె చెప్పిన నిజం నాకిప్పటికీ గుర్తుంది. “నాకు ఊరెళ్లాలని లేదమ్మా. తమ్ముళ్లని చదివించా, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశా. ఇప్పుడు వెళ్తే అందరికీ అక్కనే. ఇక్కడైతే నేను నేనుగా ఉంటాను” అంది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, “ఊఁ, నీ వంతు” అంది. పెద్దవాళ్లకు కూడా గొంతులో ఇరుక్కున్న మాటలుంటాయని నాకు తెలిసిందప్పుడే.

ఇదంతా కొన్ని నెలలు సాఫీగా సాగింది. తర్వాత ఒక శుక్రవారం మావాళ్ల ఇళ్లలో జరిగే ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన అమ్మను పక్కకు పిలిచాడు. ఆయన కొడుకు నాకు స్నేహితుడు, మా ఆట వాడికి చెప్పాను. ఇంటికొచ్చాక అమ్మ చెప్పులు కూడా విప్పకుండా, “ఇక ఆంటీ ఇంటికి వెళ్లొద్దు” అంది.

“అ... అ... అది...”

“దయ్యాల ఆటే కదా? విన్నాను.”

ఎప్పటిలా నా మాట పూర్తయిపోయింది, కానీ తప్పుగా. నేను చెప్పబోయింది అది కానేకాదు. అమ్మ ఇంకేదో అనబోతుంటే స్టూలు లాక్కుని, ఎక్కి నిలబడి, నా అరచెయ్యి ఆమె నోటికి అడ్డం పెట్టాను. అమ్మ బిత్తరపోయింది. నేను చెయ్యి తియ్యకుండా చెప్పడం మొదలుపెట్టాను. వస్తువుకి పేరెలా పెట్టాలో, ఎందుకు ఆజ్ఞ వేయకూడదో, నిజం ఎందుకు చెల్లించాలో, తలుపు ఎందుకు అన్నిసార్లు తట్టాలో. ప్రతి మాటా ఇరుక్కుంది, ప్రతి మాటా బయటికొచ్చింది. మధ్యలో ఎక్కడో నా చెయ్యి దానంతటదే దిగిపోయింది. అయినా అమ్మ నోరు మెదపలేదు. చివరికి, “నే... నేను ఏ... ఏలూరు వెళ్లను” అన్నాను.

అమ్మ సోఫాలో కూర్చుండిపోయింది. “నీ మాట నేనందిస్తుంటే నీకు సాయం చేస్తున్నాననుకున్నానే” అంది. నా జుట్టు సవరించింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఎదురింటి తలుపు కొట్టింది.

ఆంటీ తలుపు తీసి మా ఇద్దరి ముఖాలూ చూసింది. విషయం ఆమెకు ముందే తెలిసిపోయినట్టుంది.

“విమలా, నేనూ మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేసుకునే మనిషినే. గొడుగులో దయ్యం లేదని నాకు తెలుసు, నీ కూతురికీ తెలుసు. తెలియంది ఆ పెద్దాయనకే. అయినా తల్లివి నువ్వు. నువ్వొద్దంటే మానేస్తాను” అంది.

“మానేయమని రాలేదక్కా,” అంది అమ్మ. “నాకూ నేర్పుతావా అని వచ్చాను.”

ఆంటీ ఏడుస్తుందనుకున్నాను. “సరే, కానీ నువ్వు తొందర మనిషివి, నీకు కష్టమే” అంది. అమ్మకు నిజంగానే ఎప్పుడూ సరిగ్గా రాలేదు. ఏలూరు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

నేను పదో తరగతిలో ఉండగా ఆంటీ కాంట్రాక్టు అయిపోయింది. వెళ్లాలని లేకపోయినా నరసాపురం వెళ్లింది. కిందటేడు మా ఆట బయటికి రాగానే మొదటి పెట్టె పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని పక్కింటి ఆడవాళ్లతో కలిసి లేసు అల్లుతోంది. బాగా చిక్కిపోయింది, గొంతు మాత్రం అదే. కార్డులన్నీ ముందు పరిచి, కళ్లజోడు సవరించుకుని, ఒక్కొక్కటే తప్పులు పట్టింది. “ఈ గొడుగుకి చెప్పేదే? ఏసీని ఇంత అందంగా గీశారేంటి, అది పొద్దస్తమానం మూలిగేది కదా!” అంది. నేను ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నది అడిగాను. ఆటకోసం జపాన్ కథలు చాలానే చదివాను, వస్తువులు మేలుకోవడం ఉంది, మాటకు ఆత్మ ఉండటం ఉంది, తలుపు తట్టే రూలు మాత్రం ఎక్కడా కనపడలేదు, ఆ ముసలామె ఎక్కడి కథ చెప్పిందని.

“అదా? ఆవిడెందుకు చెబుతుంది?” అంది ఆంటీ, లేసు మీంచి తలెత్తకుండా. “నువ్వు కుక్కరు ముందు నిలబడి ఏడుపు ముఖం పెట్టావు. చూస్తూ ఊరుకోలేక అప్పటికప్పుడు అల్లేశా. బానే కుదిరింది కదూ?”

“కు... కు... కుదిరింది” అన్నాను. ఆమె మధ్యలో ఏమీ అందించలేదు.

ఈ ఏడాది వానలకు ముందు ఆంటీ పోయింది. నా నత్తి పోలేదు, పోవాలని ఇప్పుడు కోరుకోవడం కూడా లేదు. పోయిన నెల మా ఆటను ఇబ్రిలో ఒక స్కూలుకు తీసుకెళ్లాం. ఇంట్లోంచి ఒక పాత వస్తువు తెచ్చుకోమని పిల్లలకు ముందే చెప్పించాం. తాతగారి టార్చిలైటు, చెక్క గరిటె, ఆగిపోయిన రేడియో, ఇలా ఎన్నో తెచ్చారు. కడప నుంచి అప్పుడే వచ్చిన ఒక పాప మాత్రం వెనక బెంచీలో కొత్త నీళ్ల సీసా ఒకటి పట్టుకుని తల దించుకుని కూర్చుంది. పక్కన కూర్చుని అడిగితే, “మా ఇంట్లో పాతవేం లేవు మిస్. అన్నీ ఊర్లోనే పెట్టేసొచ్చినాం” అంది. మా కంపెనీ కుర్రాడు మలయాళీ, మంచివాడు, రూల్స్ కాగితం తిరగేసి, కొత్త వస్తువులు కుదరవని నా చెవిలో చెప్పాడు.

నేను ఆ పాప చేతిలోని సీసా తీసుకుని వెలుతురుకెత్తి పట్టుకున్నాను. “పాతవాటిని మేలుకొలపడం అందరూ చే... చేస్తారు” అన్నాను. “కొత్తవి ఇంకా పుట్టనేలేదు. వాటిని పె... పె... పెంచే పని ఒక్కరికే ఇస్తాం. దీనికి మొదటి పేరు నువ్వే పెట్టాలి. అదేం చేయబోతోందో నీకే తెలుస్తుంది.”

“ఆ రూలు ఎక్కడుంది మేడమ్?” అని గుసగుసగా అడిగాడు కుర్రాడు.

“ఇప్పుడే వచ్చింది, రాసుకో” అన్నాను.

ఆ పాప సీసాను వెనక్కి తీసుకుని రెండు చేతులతో పొదివి పట్టుకుంది. పేరు కోసం ఆలోచిస్తోంది. గంట కొట్టారు, పిల్లలంతా లేచారు. మేం మాత్రం కూర్చునే ఉన్నాం.