వెన్ను చూపని మాస్టారు

భూగోళం మాస్టారికి వీపు ఉందో లేదో ఆ బళ్లో ఏ పిల్లవాడూ ఒట్టేసి చెప్పలేడు. యుద్ధంలో వెన్ను చూపని వీరుల గురించి విన్నాం గానీ, క్లాసులో వెన్ను చూపని మాస్టారు మాత్రం ఈయనొక్కరే. బోర్డు మీద రాయాలన్నా పిల్లల వైపు తిరిగే రాస్తారు. చెయ్యి వెనక్కి మెలిపడుతుంది, సుద్దముక్క దాని దారిన అది పోతుంది, మొహం మాత్రం అంగుళం కదలదు. అలా గీసిన నది ఒక్కోసారి కొండెక్కి, అక్కడ కాస్త ఆగి, అవతలివైపు దిగేది.

"నది పైకి ఎక్కుతోందేంటి మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "ఇది కాస్త మొండిదిరా" అనేవారు. గంట కొట్టాక కూడా హోంవర్కు చెబుతూ వెనక్కి వెనక్కి నడుచుకుంటూనే గుమ్మం దాటేవారు. ఎదురు మాస్టారు అని పేరు పడిపోయింది.

ఎందుకలా అంటే ఎవరి కథ వారిది. ప్యాంటు వెనక చిరుగుందని పిల్లలు. ఎప్పుడో మెడకి కాగితం రాకెట్టు తగిలి భయం పట్టుకుందని లెక్కల మాస్టారు. ఆయన భార్యని అడిగితే, "ఏమో బాబూ, నేను కూరలు తెమ్మన్నప్పుడు మాత్రం వీపే కనిపిస్తుంది" అని తేల్చేసింది.

ఇలా నల్లేరు మీద బండిలా సాగిపోతున్న రోజుల్లో బడికి కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. మంచి మనిషే. కాకపోతే మంచివాళ్లకి తొందర ఎక్కువ. వచ్చిన వారానికే మీటింగు పెట్టి, ఇకమీదట పాఠాలన్నీ స్లైడ్ల మీదేనని చెప్పింది. ప్రతి టీచరూ తన ఎదుట ఒక పాఠం స్లైడ్లతో చెప్పి చూపించాలి. చెప్పలేనివాళ్లకి క్లాసు ఉండదు, లైబ్రరీ బీరువాలు చూసుకోవాలి. ఆ మాట అన్నప్పుడు అందరి చూపులూ ఒకేసారి ఎదురు మాస్టారి వైపు తిరిగాయి.

అందరికీ నేర్పే పని కంప్యూటర్ టీచర్ మీద పడింది. ఆ ఏడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి, పనిలో దిట్ట, ఓపిక మాత్రం కాస్త పొదుపుగా వాడుకునే రకం. లెక్కల మాస్టారికి రెండు పూటల్లో నేర్పేసింది. తెలుగు టీచరైతే అక్షరాలు గిరగిర తిరుగుతూ రావడం నేర్చుకుని, పద్యం చదివితే పిల్లలకి కళ్లు తిరిగేటంత దూరం వెళ్లిపోయింది. మిగిలింది ఎదురు మాస్టారు.

మొదటిరోజే ఆయన సరిగ్గా ప్రొజెక్టరు వెలుగుకి అడ్డంగా నిలబడ్డారు. కిటికీలోంచి పిల్లలు తొంగిచూస్తుండగా ఎడారి వచ్చి బట్టతల మీద పరుచుకుంది. నది చొక్కా గుండీల మీదుగా పారి జేబులో కలిసిపోయింది.

"మాస్టారూ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. బొమ్మంతా మీ మీదే పడుతోంది."

"నా మీద పడితే ఏమైందమ్మా, పిల్లలు ఎటూ నన్నే చూస్తారుగా."

"తెర మీద ఏ స్లైడుందో మీకెలా తెలుస్తుంది మరి?"

"వాళ్ల మొహాలు చూస్తే తెలిసిపోతుంది."

తెలియలేదు. ఆయన మంచు ఖండం గురించి చెబుతుంటే తెర మీద ఒంటెలు నడిచాయి. దానికి తోడు ఆయన వేలు నోటికంటే ముందుండేది. మాట ఇంకా గొంతులో ఉండగానే మీట నొక్కేసేవారు. ముందు చెప్పి తర్వాత నొక్కండి మాస్టారూ అని ఆ అమ్మాయి నెత్తీనోరూ కొట్టుకుంది. ఆయన సరేనని తలూపుతూనే ఇంకోటి నొక్కారు.

ఇలా కాదని పిల్లల ముందే సాధన చేయించడానికి ఆయన్ని క్లాసుకి తీసుకెళ్లింది. తెర బాగా కనబడాలని కర్టెన్లు మూసింది. మాస్టారు వెళ్లి తెరిచారు. మళ్లీ మూసింది. మళ్లీ తెరిచారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఎంతసేపు వాదిస్తాం. ఆమె కర్టెన్లు మూసి, లైట్లు తీసేసి, కర్టెన్లకి అడ్డంగా నిలబడింది. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, జేబులోంచి ఫోను తీసి, టార్చి వెలిగించి, గడ్డం కింద పెట్టుకుని పాఠం మొదలుపెట్టారు.

చీకట్లో తెగిన తలకాయ ఒకటి గాల్లో వేలాడుతూ రుతుపవనాల గురించి చెబుతోంది. క్లాసు గొల్లుమంది. రెండో బెంచీలో, చెవుల మీదికి జుట్టు వదులుకుని కూర్చునే అమ్మాయి మాత్రం చుట్టూ ఒకసారి చూసి, అందరూ నవ్వాక నవ్వింది. అది కంప్యూటర్ టీచర్ కంట పడింది గానీ, కోపంలో ఉన్న మనిషికి చిన్న విషయాలు బుర్రకెక్కవు.

"మాస్టారూ, మీరు వెనక బెంచీలో కూర్చోండి. ఎలా చెప్పాలో నేను చూపిస్తాను."

ఆయన వెళ్లి కూర్చున్నారు. ఆమె చీకట్లో, తెర వైపు తిరిగి, చక్కగా చెప్పుకుపోయింది. చివర్లో గాలులు సముద్రం మీంచి నేల మీదికి ఎందుకు వీస్తాయని రెండో బెంచీ అమ్మాయిని అడిగింది. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల. లేచి నిలబడింది, టీచర్ ఉన్న చీకటి వైపు కళ్లు చికిలించి చూసింది, చాలాసేపటికి "నైలు నది" అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

వెనకనుంచి టార్చి వెలుగు వచ్చి కంప్యూటర్ టీచర్ మొహం మీద పడింది.

"ఆ ప్రశ్న ఇంకోసారి అడుగు తల్లీ," అన్నారు ఎదురు మాస్టారు. "ఇటు తిరిగి అడుగు."

ఆమె వెలుగులో నిలబడి అడిగింది. ఆ పిల్ల ఆమె పెదవుల మీద చూపు నిలిపి, గడగడా జవాబు చెప్పింది. నేల త్వరగా వేడెక్కడం దగ్గర్నుంచి వాన పడేదాకా ఒక్క ముక్క వదల్లేదు. కంప్యూటర్ టీచర్ మెల్లగా వెళ్లి కర్టెన్లు తెరిచింది. ఆ జుట్టు కింద ఏముందో, ఎందుకుందో ఆమెకి అప్పుడు అర్థమైంది. సిగ్గూ వేసింది.

స్టాఫ్ రూంలో ఎవరూ లేనప్పుడు అడిగింది. "ఆ పిల్లకి వినపడదని మీరెందుకు చెప్పలేదు మాస్టారూ?"

"చెవికి మిషను ఉంది, కొంచెం వినపడుతుంది. మిగతాది పెదాలు చూసి అందుకుంటుంది. ఎవరికీ తెలియకూడదని దాని కోరిక. దాని రహస్యం నేనెలా చెప్తానమ్మా?"

"అయితే మీరు ఆ పిల్ల కోసమేనా ఇలా..."

"అది పుట్టకముందు నుంచీ ఇంతే నేను. అప్పట్లో ఇంకో పిల్లాడు ఉండేవాడు. నేను బోర్డు వైపు తిరిగితే వాడికి పాఠం ఆగిపోయేది. వాడు పాసై వెళ్లిపోయాడు. తర్వాత ఏ క్లాసులో ఎవరున్నారో మనకేం తెలుస్తుంది? పోనీ అడిగితే చెప్పరు. వాళ్లని అడిగి ఇబ్బంది పెట్టడం కంటే మనం తిరగకుండా ఉండటం తేలిక కదా." చేతుల సుద్దపొడి దులుపుకుని, "లైబ్రరీకి పంపితే వెళ్తాలే," అన్నారు. "పుస్తకాలకి ఎటు తిరిగినా ఒకటే."

కంప్యూటర్ టీచర్ ల్యాప్‌టాప్‌ని ఆయన ముందుకి లాగింది.

"ఎక్కడికీ వెళ్లరు. ఇది చూడండి. దీన్ని ప్రెజెంటర్ వ్యూ అంటారు. తెర మీద ఏముందో మీ ముందు ఇక్కడ కనిపిస్తుంది. పక్కన తర్వాత వచ్చే స్లైడు. కింద మీరు రాసుకున్న మాటలు. పిల్లలకి స్లైడు ఒక్కటే కనిపిస్తుంది. మీరు వెనక్కి తిరగక్కర్లేదు."

మాస్టారు ఆ తెర వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశారు.

"అంటే నా వెనక ఏముందో నాకు ముందే కనిపిస్తుందా?"

"అవును."

"ఎప్పటికీ తిరగక్కర్లేదా?"

"చచ్చినా తిరగక్కర్లేదు."

"మరి ఇన్నాళ్లూ దాచావేం తల్లీ? ఈ మిషను నా కోసమే చేసినట్టున్నారు," అంటూ కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఆ రోజునుంచి ఆయన్ని ఆపడం ఎవరి తరం కాలేదు. భోజనం గంటలో స్లైడ్లు, ఆటల గంటలో స్లైడ్లు. ముఖ్యమైన ప్రతి మాటా పెద్ద అక్షరాలతో కింద రాయడం ఆ అమ్మాయే నేర్పింది. వేలు నోటికంటే ముందుండటం మాత్రం పోలేదు.

మాస్టారి పరీక్ష రోజు హెడ్మిస్ట్రెస్ వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. కర్టెన్లు సగమే మూసి ఉన్నాయి. మాస్టారు వెలుగుకి పక్కగా, ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డారు. బల్ల మీద కంప్యూటర్ టీచర్ ఇంటినుంచి తెచ్చిన టేబుల్ లైటు ఆయన మొహం మీద పడుతోంది. పాఠం అగ్నిపర్వతాలు. భూమి పొరలు ఒక్కొక్కటే విడిపడ్డాయి, లావా అది రావలసిన చోటికే వచ్చింది, ఒక్క ఒంటె కూడా దారి తప్పి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడిన కంప్యూటర్ టీచర్ ఊపిరి పీల్చుకుంది. అప్పుడే ఆయన వేలు తొందరపడి, నోరు తెరవకముందే తర్వాతి స్లైడుని తెచ్చేసింది. అందులో ఇలా ఉంది: "నిద్రపోతున్న అగ్నిపర్వతం చివరి బెంచీ లాంటిది. ఎప్పుడు బద్దలవుతుందో ఎవరూ చెప్పలేరు."

రెండో బెంచీ అమ్మాయి పకపకా నవ్వింది. అందరికంటే ముందు, ఒక్కతే, ఎవరి మొహమూ చూడకుండా నవ్వింది. చెవుల పని కూడా చేసే కళ్లు మరి, చదవడంలో వాటిని ఎవరు గెలుస్తారు. ఈసారి క్లాసంతా ఆ పిల్ల వైపు చూసి, తెర చదివి, గొల్లున నవ్వింది. తాను కూర్చున్న బెంచీ ఏదో గుర్తొచ్చి హెడ్మిస్ట్రెస్ అందరికంటే ఆఖర్న నవ్వింది.

పాఠం అయ్యాక ఆవిడ లేచింది. "ఇంత బాగా ఎవరూ చెప్పలేదు మాస్టారూ. లైబ్రరీకి నేను ఇంకో మనిషిని వెతుక్కుంటాను. ఒక్కటే సందేహం. ఆ మొహం మీద లైటెందుకు?"

కంప్యూటర్ టీచర్ నోరు తెరవబోయింది. మాస్టారు కనుబొమ్మ ఎగరేశారు. ఆమె నోరు మూసుకుంది.

"బట్టతల మీద ఎడారి చూశారు పాపం పిల్లలు," అన్నారు ఆయన. "మొహం కూడా కాస్త చూడనీయండి. నా అందం ఊరికే చీకటిపాలు కావడం ఎందుకు."

క్లాసు బల్లలు చరిచింది. హెడ్మిస్ట్రెస్ తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయింది. ఎదురు మాస్టారికి అందం పిచ్చి కూడా ఉందని మర్నాటికి బడంతా కొత్త కథ. ఆయన కాదనలేదు.

ఆ మర్నాడే కంప్యూటర్ టీచర్ గంట కొట్టాక, పిల్లల వైపే తిరిగి హోంవర్కు చెబుతూ, వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాటింది. ఎదుటి క్లాసులోంచి ఎదురు మాస్టారు కూడా అలాగే వస్తున్నారు. వరండా మధ్యలో రెండు వీపులూ ఢీకొన్నాయి. రెండు క్లాసులూ చప్పట్లు కొట్టాయి.

"చూసుకుని నడవాలి తల్లీ," అన్నారు మాస్టారు, వెనక్కి తిరగకుండానే.