గరివిడి నుంచి శ్రీకాకుళం దాకా గౌరి అడిగిన ఒకే ప్రశ్న

చీపురుపల్లి దగ్గర మా బ్రిడ్జి స్కూలులో చదివేదంతా ఎప్పుడో బడి మానేసి, ఇప్పుడు ఓపెన్ పదో తరగతి కోసం మళ్ళీ పుస్తకం పట్టిన ఆడపిల్లలు. "ఏమవుతారు?" అని అడిగితే కూడబలుక్కున్నట్టు అందరూ "టీచర్" అంటారు. వాళ్ళు దగ్గరగా చూసిన ఉద్యోగం నాదొక్కటే మరి. నా వైభవం చూసి మోజుపడ్డారని నమ్మేంత అమాయకురాలిని కాను. అందుకే ఒక శనివారం ఐదుగురిని వెంటబెట్టుకుని, రకరకాల పనులు జరిగే చోట్లు చూపించి తీసుకురావాలని బయల్దేరాను.

ఆ ఐదుగురిలో గౌరికి పదిహేడేళ్ళు. వాళ్ళ నాన్న అప్పలనాయుడికి కాస్త వరి పొలం, ఒక పెద్ద ఆటో ఉన్నాయి. "ఈ సదువుతో పిల్ల ఏటవుతాదో సెప్పండి టీచరమ్మా. లేదంటే వచ్చే నెల్లో దాని పిన్నితో రొయ్యల కంపెనీకి పంపేస్తాను" అని అంతకు ముందు వారమే నా మొహం మీద చెప్పేశాడు. శనివారం ప్రయాణం సంగతి చెప్పి, "అయితే మీ బండే మాట్లాడుకుంటాం. మీరే నడపండి, మీరే చూడండి" అన్నాను. డీజిల్‌తో కలిపి రోజుకి రెండువేల రెండొందలు. బేరంలో మాత్రం ఆయన ఇసుమంత కూడా జాలి చూపలేదు.

ఉదయం ఏడున్నరకు బయల్దేరితే గరివిడి ఎంతో సేపు పట్టలేదు. అక్కడ పశువుల ఆసుపత్రిలో ముందే అనుమతి తీసుకున్నాను. ఏం చదివారు, ఎన్నేళ్ళు చదివారు, రోజూ ఏం చేస్తారు అని అడగాలని పిల్లలకు బాగా నూరిపోశాను. నలుగురూ చక్కగా అడిగారు. గౌరి మాత్రం టీకాల ఐసుపెట్టె దగ్గర నిలబడిపోయి, "ఇయ్యి ఎక్కడి నుంచి వస్తాయి? ఎవులు తెస్తారు? దారిలో ఐసు కరిగిపోతేనో?" అని ఒకటే ఆరా. అప్పలనాయుడికి తన ప్రశ్నలు తనకున్నాయి. "ఆడపిల్లలకి బాత్రూం ఉందేటి? ఇంటికెన్ని గంటలకి పంపుతారు?" అని అడిగాడు. నిజం చెప్పొద్దూ, నా ప్రశ్నల కంటే అవే పనికొచ్చేవి.

అక్కడి నుంచి పొందూరు గంట దారి. రోడ్డు పరవాలేదు, సిగడాం దాటాక మంచి నీడ కూడా. పొందూరులో నూలు వడికే సూరమ్మ గారి ఇంట్లో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. సన్నటి పళ్ళున్న ఆ ఎండిన దవడ దువ్వెనలా పనిచేసి, పత్తిలో చెత్తంతా తీసేస్తుంది. మిగతా పిల్లలు రాట్నం చుట్టూ మూగారు. గౌరి దవడ చేతిలోకి తీసుకుని మళ్ళీ అదే పాట ఎత్తుకుంది.

"ఇది మన సముద్రంలో సేప కాదు గదా. ఎక్కడి నుంచి వస్తాది మామ్మా?"

"గోదారొయిపు నుంచి తెస్తారమ్మా."

"ఎవులు తెస్తారు? రాకపోతేనో?"

"రాకపోతే సేతులు ముడుసుకు కూకోడమే" అని సూరమ్మ గారు నవ్వారు. "ఈ పిల్ల నూలు సూడ్డం లేదు, దారి సూస్తంది."

నాకు చిరాకొచ్చింది. చెప్పినవి అడగవేం అని గౌరిని కసిరాను కూడా.

మధ్యాహ్నానికి శ్రీకాకుళం చేరి, బస్టాండు దగ్గర మెస్సులో కూర్చున్నాం. భోజనం తొంభై రూపాయలు, చేపల పులుసు అదనం, పులుసు వదులుకోవద్దు. అప్పలనాయుడు అన్నం కలుపుతూనే అన్నాడు: "ఒకర్తి నర్సంటంది, ఇంకోర్తి కుట్టుపనంటంది. నా కూతురు ఏటీ అన్లేదు. వచ్చే నెల దాకా ఎందుకు, సోమారమే పంపేస్తాను టీచరమ్మా." గౌరి తలవంచుకుని, వడ్డించే ఆవిణ్ణి మెల్లగా అడిగింది. "ఈ సేపలు భావనపాడు రేవువా? ఏ బండి మీద తెస్తారు?"

అప్పుడు వెలిగింది నా బుర్ర. పొద్దుట్నుంచీ ఈ పిల్ల అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. "మీ ఆటో బుకింగులు ఎవరు చూస్తారు?" అని అప్పలనాయుణ్ణి అడిగాను.

"అదే సూస్తాది. ఎవుల్ని ఎక్కడెక్కించాల, తిరుగు బండి కాళీగా రాకుండా ఏటి తేవాల, అన్నీ అదే సెప్తాది. అదీ ఓ పనేటి?"

అనుకున్న కార్యక్రమం పక్కనబెట్టి, ఊరి చివర లారీల బుకింగ్ ఆఫీసుకు బండి తిప్పించాను. ముందు చెప్పకుండా వెళ్ళినా, అక్కడ ఏ లారీకి ఏ లోడో చూసే కల్యాణి అనే ఆవిడ అందరికీ టీ చెప్పింది. గౌరి అడిగిన ప్రతిదానికీ గోడ మీది పటం చూపిస్తూ జవాబిచ్చింది. "ఈ పనికి లాజిస్టిక్స్ అని కోర్సులున్నాయి. కానీ పదైనా పాసవ్వాల" అంది.

అప్పలనాయుడు అనుమానంగా, "ఆడపిల్ల మాట లారీవోళ్ళు ఇంటారేటి?" అన్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. కల్యాణి ఎదురుగా కంప్యూటర్లో లారీల జాడ చూస్తూ గొంతు పెంచింది. "ఏటి మావా, రణస్థలం దగ్గర గంట నుంచి టీ తాగుతన్నావా? నాకిక్కడ కనపడతంది. లెగు!"

అప్పలనాయుడు తన చేతిలోని టీ గ్లాసు గబుక్కున కింద పెట్టేశాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

సాయంత్రం బండి తీస్తూ ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగాడు. "ఒసే గౌరీ, హైవే మీంచెళ్దామా, పొందూరు మీంచెళ్దామా?"

"పొందూరు మీంచే నాన్నా. ఈయేలప్పుడు హైవే మీద లారీలు జాస్తి."

ఆయన అటే తిప్పాడు. నాకు కళ్ళు చెమర్చాయి, దుమ్ము పడిందని చెప్పాను. సోమవారం గౌరి స్కూలుకొచ్చింది. దింపి వెళ్ళింది వాళ్ళ నాన్నే.

పిల్లలకు ఉద్యోగాలు చూపించాలనే హడావుడిలో, వాళ్ళు దేన్ని చూస్తున్నారో చూడటం మర్చిపోతాం. చదువు మధ్యలో ఆగిన పిల్లలకు లోకం ఆగలేదు. వాళ్ళు ఏదో ఒకటి గమనిస్తూనే ఉన్నారు, దానికి పేరు తెలియదంతే. ఆ పేరు వెతికిపెట్టడమే మన పని అని ఈ ప్రయాణంలో నాకు అర్థమైంది. మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క సలహా: ఏసీ బండి వద్దు. ఏ పిల్ల చదువు మాన్పిస్తామంటున్నారో, ఆ పిల్ల నాన్న బండే మాట్లాడుకోండి.