‘వాలంటరీలీ’ కింద సత్యవతి సంతకం

కరెంటు ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు కింద రాలిన పొడిని సత్యవతి పదకొండేళ్లు ఊడ్చింది. రెండేళ్లకోసారి కాంట్రాక్టరు మారేవాడు. ఊడ్చే చెయ్యి మాత్రం అదే. మారిన ప్రతిసారీ సూపర్‌వైజర్ రఘుపతి అందరి గేటు పాసులు గుంజుకుని, ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాకే కొత్త పాసులు పంచేవాడు. ఆడవాళ్లంతా దాన్ని ‘పాసు కాగితం’ అనేవాళ్లు. అందులో ఏముందని అడిగితే డ్యూటీ పోతుందేమోనని సత్యవతి ఒక్కనాడూ నోరు విప్పలేదు.

ఈ ఎండాకాలం మాత్రం దుమ్ముకు మాస్కులు కావాలని అడిగింది. అంతలో కాంట్రాక్టు మారింది. ఎప్పటిలాగే సంతకం పెట్టింది. పాసు రాలేదు.

"సార్, నా పాసేది?"

"నీకింక పాసేంది సత్తెమ్మా? నా ఇష్టంతోని పని ఇడిసిపెడ్తున్ననని నువ్వే రాసిస్తివి గదా!" అంటూ రఘుపతి కాగితం నకలు చేతిలో పెట్టాడు.

సత్యవతి షేర్ ఆటో ఎక్కి, బడిలో టీచరుగా చేసే చెల్లెలి బిడ్డ గ్లోరియా ఇంటికి పోయింది. గ్లోరియా కాగితం చదివి ఒక మాట కింద గోటితో గీసింది.

"వాలంటరీలీ, పెద్దమ్మా. ఎవ్వలు బలిమి చెయ్యకుంట, మనంతట మనం చేసేదానికి గీ మాట వాడ్తరు."

"అంటే ఎట్ల?"

"ఆదివారం చర్చి ఊడుస్తవు గదా, ఎవలన్న చెప్పిన్రా? గది వాలంటరీలీ."

"మా ఇంటాయన, మీ పెదబాపు, తాగుడు బందువెట్టిండు, గది?"

"దవాఖానల డాక్టర్ బెదిరిస్తె బందువెట్టిండు. గదెట్లయితది!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక సత్యవతి మెల్లగా అడిగింది. "మరి పాసు గుంజుకొని, సంతకం వెడ్తెనే ఇస్తనన్నది?"

"గది అస్సలే కాదు, పెద్దమ్మా. గీ కాగితంల గా మాట అబద్ధం."

ఫిర్యాదు తీసుకున్న కార్మిక శాఖ అధికారి, బలవంతం చేశారనడానికి సాక్షి కావాలన్నాడు. ఆ రోజు సంతకాల వరుసలో సత్యవతి వెనకే నిలబడ్డది లింగవ్వ.

"నేను సూసిన అక్కా, కాదంటలేను. గని చెప్తె నా పాసు గూడ పాయె."

సత్యవతికి కోపం రాలేదు. పదకొండేళ్లు తన నోరు కట్టేసిందీ ఆ భయమే. "ఒక్కదానివొస్తె తీసేస్తరు లింగవ్వా. అందరొస్తె ఎంతమందిని తీస్తరు?"

"ఇచారణ ఎన్నడక్కా?" అని అడిగింది లింగవ్వ.

విచారణ వచ్చే సోమవారం. ఆ వరుసలో నిలబడ్డ అక్కలారా, చూసింది చూసినట్టు చెప్పడానికి అందరూ కలిసి రండి. పర్మనెంటు కార్మికులారా, ఆ పూట వాళ్ల పక్కన నిలబడండి. ఇంగ్లీషు వచ్చినవాళ్లారా, మీ గల్లీలో ఎవరైనా అలాంటి కాగితం మీద సంతకం పెట్టబోతుంటే, ముందు దాన్ని గట్టిగా చదివి వినిపించండి.