గోరింటాకు వేళ్లతో వేలిముద్రల పరీక్షకు

ఈ రోజు బెంగాల్ రాజధాని శివార్లలోని న్యూ టౌన్‌లో వేలిముద్రల నిపుణుల ఉద్యోగానికి పరీక్ష రాయడానికి వెళ్లి, నా వేలిముద్రే పడక గేటు దగ్గర ఆగిపోయాను. ఆషాఢమని నిన్న అమ్మ నా వేళ్లన్నిటికీ గోరింటాకు టోపీలు పెట్టింది. ఎంత బాగా పండిందంటే, ఏ వేలు ఆనించినా మిషన్ ఎర్రదీపమే వెలిగించింది.

వయసు పరిమితి ప్రకారం నాకిదే ఆఖరి అవకాశం. గేటు మూయడానికి గార్డు తాళం పట్టుకుని నిలబడ్డాడు. చెమటకి వేళ్లు జారిపోతున్నాయి.

"ముద్ర పడకపోతే లోపలికి పంపలేను దీదీ," అన్నాడు అక్కడి అధికారి.

నా వంకర బెంగాలీలోనే అరిచినంత పని చేశాను. "దాదా, ప్రపంచంలో మొదటి వేలిముద్రల ఆఫీసు పెట్టింది ఈ ఊళ్లోనే. పేరు తెల్లదొరకి పోయింది గానీ, ముద్రల్ని వర్గాలుగా విడదీసే లెక్క కట్టింది మీ బెంగాలీ పోలీసులిద్దరు. వాళ్ల దగ్గర మిషన్ ఉందా? సిరాతో కాగితం మీదే కదా వేయించారు! నాకూ అలాగే వేయించండి."

ఆయన నన్ను చూశాడు, గేటు వైపు చూశాడు, చివరికి స్టాంపు ప్యాడు ముందుకు తోశాడు. రంగు కింద దాక్కున్న గీతలన్నీ శుభ్రంగా కాగితం మీదికి దిగాయి. నేను లోపలికి వెళ్లగానే నా వెనక గేటు మూశారు.

ఇంటికొచ్చాక అమ్మ నా నల్లటి బొటనవేలు పట్టుకుని కోప్పడింది. "ఏటే ఇది? అంత బాగా పండితే పాడుసేసుకొచ్చీసినావా?"

పరీక్ష ఎలా రాశానని మాత్రం ఇప్పటిదాకా అడగలేదు. మీరైనా అడగండి.