గాజుతొట్టెకు నల్లచొక్కా

మా ఇంటి మేడ మీద నుంచి గుటగుటమని నీళ్లు పీల్చే చప్పుడు వినిపిస్తే దర్జీగారు ప్రాణమున్న పగడాన్ని పెంచుకునే సముద్రపు నీటి తొట్టెను కడుగుతున్నారన్నమాట. మెడలో టేపు, మోచేతుల దాకా తడి, చేతిలో సన్నని పైపు. ఇసుక మీదా, రేకులు ముడుచుకున్న పచ్చని పగడం మీదా ఎర్రని పాచి మఖమల్ గుడ్డలా పరుచుకుని ఉంటుంది. ఎంత తీసినా తెల్లారేసరికి మళ్లీ అల్లుకుంటుంది. మూడు రోజులు చీకట్లో ఉంచితే పాచి చస్తుందనీ, పగడం ఓర్చుకుంటుందనీ ఎవరో చెప్పారట. ఆయన తొట్టెకు కొలతలు తీసి నల్లగుడ్డతో చొక్కా కుట్టారు. తన మీద తనకే నమ్మకం లేక గుండీలు పెట్టలేదు. తొడిగాక చివరి అంచునూ సూదితో మూసేశారు. మర్నాడు నేను పైకి వెళ్లేసరికి ఆ కుట్టు విప్పి, సందులోంచి టార్చి వేసి చూస్తున్నారు.

"కుట్టేదీ మీరే, విప్పేదీ మీరే! వెలుతురు తగిలితే మళ్లీ మొదటికొస్తుందని చెప్పిందీ మీరేగా?" అంది ఆయన భార్య వంటింట్లోంచి. "ఆ పగడం పాచితో కాదు, మీ ప్రేమతోనే పోతుంది."

"బతికుందో లేదో చూడొద్దూ?" అని గొణిగారాయన. తర్వాత సిగ్గుపడుతూ, దారం ఎక్కించిన సూది నా చేతిలో పెట్టారు.

"ఈసారి మీరు కుట్టండి. వంకరగా వచ్చినా పర్వాలేదు. మీరు కుట్టింది విప్పడానికి నాకు మనసొప్పదు."