పులివెందులలో ఇంగ్లీషు పాటలకు నా సైడ్ డ్రమ్ము

పద్దెనిమిదేళ్ళుగా ఒక మాట నాకు అరగలేదు. ప్రొద్దుటూరు పెళ్ళి బ్యాండులో నేను సైడ్ డ్రమ్ము వాయించేవాణ్ణి. ఒక పెళ్ళి మెరవణిలో, అంటే ఊరేగింపులో, నా చెయ్యి ఊపందుకుంది, బ్యాండంతా నా వెంట పరుగెత్తింది, కల్యాణమండపం వచ్చేసింది. పెళ్ళికొడుకు కారు చూస్తే ఇంకా రెండు వీధుల వెనకే ఉంది. మా క్లారినెట్ మాస్టర్ మస్తానయ్య అందరి ముందూ "నీది వాయించే చెయ్యి కాదప్పా, పారిపోయే చెయ్యి" అని నా మెడలోంచి డ్రమ్ము తీసేసుకున్నాడు. ఆ రోజుతో నా వాయింపు ఆగింది. తప్పు నాది కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

మొన్న మా వీధి పిల్ల పద్మజ ఫోను చేసింది. ఆమె పులివెందులలో టీచరు. తుమ్మలపల్లె గనిలో పనిచేసే శివ గిటారు వాయిస్తే ఈమె పాడుతుంది. యాభై ఏళ్ళ నాటి ఇంగ్లీషు రాక్ పాటలు తీసుకుని, పంక్ అనే పద్ధతిలో, ఐదు నిమిషాల పాటను నిమిషమున్నరలో అరిచి ముగిస్తారు. వాళ్ళ డ్రమ్మర్ బదిలీ అయ్యి డ్రమ్ములతో సహా వెళ్ళిపోయాడు. "తాతా, నీ అంత స్పీడు ఎవరూ లేరని మా నాయన చెప్తాంటాడు. ఆదివారం నాలుగింటికి ఈడ ఫంక్షన్ హాల్లో ప్రోగ్రాము, నువ్వు రావాల" అంది. సరే అన్నాను. అక్కడ కూడా చెయ్యి అదుపు తప్పితే మస్తానయ్య మాటే నిజమై నాతో పాటు కాటికి వస్తుందని తెలిసే ఒప్పుకున్నాను.

నాకు డ్రమ్ము లేదు. ఉన్న ఒక్కటీ జమ్మలమడుగులో మస్తానయ్య ఇంట్లోనే ఉంది. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ప్రొద్దుటూరులో బస్సెక్కితే తొమ్మిది లోపలే అక్కడ దిగాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళయితే మీరూ పొద్దున్నే బయలుదేరండి, తర్వాత ఎండకు తట్టుకోలేరు. మాస్టర్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంది ఓబులేసూ, దోవ తప్పినావా?"

"డ్రమ్ము కావాల. పులివెందులలో ఇంగ్లీషు పాటలకు వాయించాల. శానా స్పీడంట."

"నీకంటే స్పీడా? పాపం వాళ్ళు!" అని లోపలికి పోయి డ్రమ్ము తెచ్చాడు. దానికి తోలు కొత్తగా బిగించి ఉంది. ఎవరి కోసం బిగించాడో నేను అడగలేదు. "ఇది ఒగటే రాదు, నేనూ వస్తా. పోయినసారి దీన్ని ఎత్తుకోని యాడిదాకా పరిగెత్తినావో గుర్తుండాదిలే" అన్నాడు.

వాళ్ళ కోడలు ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. తిని పదకొండింటికి బస్సెక్కాం. ముద్దనూరులో బస్సు మారాలి. రెండో బస్సులో కండక్టరు డ్రమ్మును చూసి, "దీనికీ టిక్కెట్ తీసుకోవాలప్పా" అన్నాడు.

"ఆడమనిషి అనుకో, ఫ్రీగా వస్తాది" అన్నాడు మాస్టర్. బస్సులో ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దారి పొడవునా మోకాళ్ళ మీద వేళ్ళతో దరువు వేసుకుంటూనే ఉన్నాను.

ఒకటిన్నరకు పులివెందుల చేరాం. బస్టాండు నుంచి ఫంక్షన్ హాలుకు ఆటోలో పది నిమిషాలు. నాలుగింటికి కుర్చీలు సగం నిండాయి. అందరూ గని వాళ్ళు, కాలేజీ పిల్లలే. పద్మజ లెక్క పెట్టి పాట ఎత్తుకుంది. నేను కర్ర వేశాను. పద్దెనిమిదేళ్ళ ఆకలి కదా, చెయ్యి ఆగలేదు. పాట సగానికి రాకముందే శివ వేళ్ళు తడబడ్డాయి, పద్మజకు ఊపిరి అందలేదు. పాట ఆగిపోయింది.

"తాతా, ఏందిది! మేమే నిన్ను అందుకోలేకపోతాండాం!"

హాలంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. డ్రమ్ము దించేద్దామని పట్టీ మీద చెయ్యి వేశాను.

అప్పుడు మస్తానయ్య కుర్చీలోంచి లేచాడు. మెరవణిలో మాస్టర్ మా వైపు తిరిగి, వెనక్కి నడుస్తాడు. ఆయన అడుగే మాకు గడియారం. "మళ్ళా ఎత్తుకోమ్మా" అని పద్మజకు చెప్పి, నా ముందు నిలబడి, "నా కాళ్ళు చూడు" అన్నాడు. నిదానంగా నడుస్తాడనుకున్నాను. కాదు! పిల్లల పాట ఎంత వేగమో సరిగ్గా అంతే వేగంగా, చిన్న చిన్న అడుగులతో వెనక్కి పోయాడు. డెబ్బై దాటిన మనిషి. జనం కుర్చీలు లాగి దారి ఇచ్చారు. నా చెయ్యి ఆ అడుగును పట్టుకుంది, దాటలేదు. పాట ముగిసేసరికి కాలేజీ పిల్లలు కుర్చీలెక్కి అరుస్తున్నారు. అట్లా ఏడు పాటలు.

తర్వాత మాస్టర్ మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతూ, "ఓబులేసూ, ఆ పొద్దు పెళ్ళిపెద్దతో మాటల్లో పడి నీకు వీపు చూపిచ్చి నడిచినా. నువ్వు చూసేదానికి నా అడుగే లేదు" అన్నాడు. ఇన్నేళ్ళుగా దాచిన తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. "మోకాళ్ళు నొప్పిగా ఉండాయా?" అని మాత్రం అడిగాను.

నా వేగం నా సొత్తనుకున్నాను. ఎదురుగా ఒక మనిషి నన్నే చూస్తూ నడిస్తేనే అది వాయింపు అవుతుందని ఈ ప్రయాణంలో తెలిసింది. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: పెద్ద సామాను ఉంటే ముద్దనూరులో బస్సు మారేటప్పుడు వెనక సీటు పట్టుకోండి, అక్కడే చోటు దొరుకుతుంది.

ఇక మస్తానయ్యా, నీ కోడలు ఇది చదివి వినిపిస్తుందని నాకు తెలుసు. వచ్చే ఆదివారం గండికోటలో వాయించమని పిల్లలు మనిద్దరినీ పిలిచారు. నువ్వు "చూద్దాం" అని తప్పించుకున్నావు. నువ్వు లేకుండా నేను కర్ర ఎత్తను. వస్తావా, రావా? గురువారం సాయంత్రం లోపల చెప్పు.